వెబ్‌సైటు ఎవరి కోసం?

ఈ ఏడు వార్షిక సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాసి ఇమ్మని మన యూనియన్ మిత్రులు అడిగారు. "కంప్యూటర్ సైన్సు చదివేవాడివి కదా, కృత్రిమ మేధ గురించి రాయి, అందరూ చదువుతారు" అని సలహా కూడా పారేశారు. నిజమే, ఇవాళ ఎక్కడ చూసినా దాని మాటే. కాని నా మనసులో చాలా రోజులుగా ఇంకో సంగతి మెదులుతున్నది. అది వినడానికి మరీ చిన్నది. వ్యాపార సంస్థలూ, కాలేజీలూ, ఆఫీసులూ పెట్టుకునే వెబ్‌సైట్లు మనుషులు వాడుకోవడానికి వీలుగా ఉంటున్నాయా లేదా అన్నదే ఆ సంగతి. "ఓస్, ఇంతేనా!" అనకండి. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. అందువల్లనే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

ముందుగా నా తప్పు నేను ఒప్పుకుంటాను. రెండేళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక బట్టల షావుకారుగారికి నేనూ, మరో ఇద్దరు మిత్రులూ కలిసి ఒక వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చాము. ఎనిమిది వేల రూపాయలు ఇచ్చారాయన. అది మా మొదటి సంపాదన. ఆ ఉత్సాహంలో మాకు తెలిసిన విద్యలన్నీ అందులో కుమ్మరించాము. తెరవగానే పట్టుచీరల బొమ్మలు ఒకదాని వెంట ఒకటి జారుతూ వస్తాయి. వెనుక సన్నాయి మోగుతుంది. తెల్లటి కాగితం మీద లేత బూడిదరంగు అక్షరాలు, చాలా నాజూకుగా. షావుకారుగారు చూసి, "భలే ఉంది బాబూ, సినిమాలాగా ఉంది" అన్నారు. ఇంకేం కావాలి!

హాస్టల్లో నా రూమ్మేటు పుట్టుకతోనే చూపు లేనివాడు. ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాడు. అతని లాప్‌టాపులో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాము అది. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు యువకులు మొదలుపెట్టారు. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. తెలుగు కూడా చదువుతుంది. ఆ రాత్రి గొప్పగా, "మన సైటు చూడరా" అన్నాను. "వింటాను, పెట్టు" అన్నాడు.

మొదట సన్నాయి మోగింది. ఆ హోరులో చదివే గొంతు వినబడలేదు. సన్నాయి ఆపే మీట ఎక్కడుందో అతనికి దొరకలేదు, నేనే ఆపాను. తరువాత ఆ గొంతు వరుసగా చదువుకుంటూ పోయింది: "గ్రాఫిక్... గ్రాఫిక్... లింకు... బటన్... బటన్... బటన్..." అంతే. చీర పేరు లేదు, ధర లేదు, షాపు ఎక్కడో లేదు. కాసేపు విని మావాడు చాలా శాంతంగా, "ఒరేయ్, ఇది బట్టల షాపా, బొత్తాల షాపా?" అని అడిగాడు.

గదిలో అందరం పడీపడీ నవ్వాము. నవ్వి, మరిచిపోయాము. సైటును మాత్రం దిద్దలేదు. "చూపులేనివాళ్ళు చీరలు కొంటారా ఏంటి?" అని నాలో నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇవాళ సిగ్గేస్తుంది.

ఆ తరువాత మూడు నెలలకు మావాడు ఒక పోటీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. అంతా ఆన్‌లైనే. చివరికి వచ్చేసరికి వంకరటింకర అక్షరాల బొమ్మ చూపించి, ఇందులో ఏముందో టైపు చేయమంది ఆ సైటు. బొమ్మను వినిపించే ఏర్పాటు లేదు. పది నిమిషాలు దాటితే నింపినదంతా చెరిగిపోయి మళ్ళీ మొదటికి వస్తుంది. నాలుగుసార్లు నింపాడు. నాలుగుసార్లూ పోయింది. నాకు ఫోను చేశాడు. నేను షావుకారుగారి షాపులో పండగ డిస్కౌంటు బొమ్మలు జారిస్తూ కూర్చున్నాను. "రాత్రికి వస్తాను" అన్నాను. ఆ సాయంత్రంతో గడువు అయిపోతుంది. చేసేది లేక నెట్ సెంటరుకి వెళ్ళి, పాస్‌వర్డూ ఓటీపీ అన్నీ ఒక ముక్కూమొహం తెలియని కుర్రాడి చేతిలో పెట్టి నింపించుకున్నాడు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. వెనక ఇరవై మంది క్యూలో ఉన్నారు. ఆ హడావుడిలో "స్క్రైబ్ కావాలా?" అనే గడిలో టిక్కు పెట్టడం మరిచిపోయాడు.

పరీక్ష రోజున మావాడి తరఫున రాయడానికి వచ్చిన మనిషిని లోపలికి రానివ్వలేదు. కాగితం ప్రకారం ఆయన అడగలేదు కదా! ఏడాదిపాటు చదివిన చదువు గేటు దగ్గరే ఆగిపోయింది.

ఆ రాత్రి నేను ఏదో ఓదార్పు మాట చెప్పబోయాను. "నేను లేకపోవడం వల్లే ఇలా జరిగింది" అన్నాను. మావాడు అడ్డుతగిలాడు. "నువ్వు లేవని కాదురా నా బాధ. నా దరఖాస్తుకు నువ్వు ఉండాల్సి రావడం, అదీ నా బాధ. నేనే నింపుకుని ఉంటే ఆ గడి వదిలేవాణ్ణా?"

మిత్రులారా! ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా ఒక్కటే. ఆ దరఖాస్తు సైటు చేసినవాడూ నాలాంటివాడే. వాడూ ఎవరి చేతనో "భలే ఉంది బాబూ" అనిపించుకుని ఇంటికి వెళ్ళి ఉంటాడు.

ఇంతకీ నా సైటులో లోపం ఎక్కడుంది? ఆ మర్నాటి నుంచి పుస్తకాలు తిరగేశాను. తెలిసిన సంగతులు చూస్తే ఆశ్చర్యం వేసింది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. స్క్రీన్ రీడర్ బొమ్మను చూడలేదు. బొమ్మ వెనక మనం రాసిపెట్టిన మాటను చదువుతుంది. "ఎర్ర అంచు ఆకుపచ్చ ధర్మవరం పట్టుచీర" అని ఒక్క వాక్యం రాస్తే అదే వినిపిస్తుంది. రాయకపోతే "గ్రాఫిక్" అంటుంది. మీటకు పేరు పెడితే పేరు చెబుతుంది, పెట్టకపోతే "బటన్" అంటుంది. శీర్షికను నిజంగా శీర్షికగానే గుర్తుపెడితే, కీబోర్డు మీద ఒక్క అక్షరం నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు గెంతుకుంటూ పోవచ్చు. అలా కాకుండా అక్షరాలను ఊరికే లావుచేసి వదిలేస్తే, పేజీ మొత్తం మొదటినుంచి చివరిదాకా వినవలసిందే. చూపులేనివారు మౌసు వాడరు. ట్యాబ్ మీట నొక్కుతూ ముందుకు పోతారు. చేతులు వణికేవారూ అంతే. ఎక్కడున్నామో చూపడానికి లింకు చుట్టూ ఒక గీత వస్తుంది. మేము అందం చెడుతుందని ఆ గీత తీసిపారేశాము! చీకట్లో నడిచేవాడి చేతికర్ర లాక్కున్నట్టు.

ఇవేవీ నేను కనిపెట్టినవి కావు. వెబ్ అనేదాన్ని 1989లో ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్-లీ 1994లో స్థాపించిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమే ఈ నియమాలను 1999లో మొదటిసారి ప్రకటించింది. 2008లో రెండో రూపం వచ్చింది. దాన్ని 2018లోనూ, 2023లోనూ పెంచారు. వాటి సారం నాలుగు మాటలు. పేజీలో ఉన్నది ఏదో ఒక ఇంద్రియానికి అందాలి, చేతికి లొంగాలి, బుర్రకు ఎక్కాలి, ఏ యంత్రంలోనైనా నిలవాలి. అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అందులో లెక్క కూడా కట్టి చెప్పారు. నా నాజూకు బూడిదరంగు అక్షరాలను ఆ లెక్కకు పెట్టి చూస్తే 2కు 1 దగ్గర ఆగిపోయింది.

"సరేనయ్యా, చూపులేనివాళ్ళు ఎంతమంది ఉంటారు? వాళ్ళకోసం ఇంత హంగామా ఎందుకు?" అని అడిగేవారు ఉన్నారు. లెక్కే కావాలంటే చెబుతాను. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందులో చూపు లోపం ఉన్నవారు 50 లక్షలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వికలాంగులు 22 లక్షలకు పైగా. అయితే అసలు సంగతి లెక్కలో లేదు. మీ నాన్నగారు కళ్ళజోడు మరిచిపోయి ఫోను తెరిచినప్పుడు ఆయన ఎవరు? ఎర్రటి ఎండలో పొలం గట్టు మీద నిలబడి ఫోను తెర కేసి కళ్ళు చికిలించే రైతు ఎవరు? చంకన బిడ్డను ఎత్తుకుని ఒంటిచేత్తో ఫోను నొక్కే తల్లి ఎవరు? సిగ్నలు అందని తండాలో, నాలుగు వేల రూపాయల పాత ఫోనులో, మన జారే బొమ్మలు దిగేదాకా పది నిమిషాలు కాచుకునే కుర్రవాడు ఎవరు? వాళ్ళంతా ఆ నిమిషానికి మా రూమ్మేటు పక్కన నిలబడినవాళ్ళే. ర్యాంపు వేస్తే చక్రాల కుర్చీ ఒక్కటే ఎక్కదు. ఉయ్యాల బండీ ఎక్కుతుంది, మోకాళ్ళ నొప్పుల మామ్మగారూ ఎక్కుతారు, గ్యాసు బండ తోసుకొచ్చేవాడూ ఎక్కుతాడు.

ఇక మన తెలుగు సంగతి. ఇది నాకు మరీ కష్టం కలిగించే విషయం. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచీ చోటుంది. అయినా నేటికీ ఎన్నో సంస్థలు తెలుగు నోటీసును కాగితం మీద అచ్చువేసి, దానికి ఫోటో తీసి, ఆ ఫోటోను సైటులో పెడతాయి. మనిషి కంటికి అది తెలుగు. యంత్రానికి అది గోడ మీది మరక. చదివి వినిపించలేదు, వెతికితే దొరకదు, పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. ఒకవేళ అక్షరాలుగానే పెట్టినా, "ఈ పేజీ తెలుగు" అని లోపల ఒక్క గుర్తు పెట్టకపోతే, ఇంగ్లీషు గొంతు తెలుగును చదవబోయి తడబడుతుంది, లేదా మూగబోతుంది.

మన పేర్ల సంగతి చూడండి. "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్" అని రెండు గడులు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. ఏది ఫస్టు, ఏది లాస్టు? పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా పడిన పేరుతో మన పిల్లలు ఆఫీసుల చుట్టూ ఎన్ని చెప్పులు అరగదీశారో మీకు తెలియనిది కాదు. ఇంటిపేరుకు ఒక్క అక్షరమే రాసుకునేవాడిని, "కనీసం రెండు అక్షరాలు ఉండాలి" అని సైటు గదమాయిస్తుంది. నాయనా, మా తాతగారి కాలం నుంచీ అది ఒక్క అక్షరమే! ఈ ఫారం తయారుచేసినవాడు ఒక్క తెలుగువాణ్ణి కూర్చోబెట్టి నింపించి చూసినా ఈ తప్పు జరిగేది కాదు.

ఆ కూర్చోబెట్టడమే అసలు విద్య. జేకబ్ నీల్సెన్ అనే నిపుణుడు 2000లో రాసినదేమిటంటే, అయిదుగురు మనుషుల చేత వాడించి చూస్తే సైటులోని ఇబ్బందుల్లో సుమారు 85 శాతం బయటపడతాయని. అయిదుగురంటే అయిదుగురే! నేను ఆ పని షావుకారుగారి షాపులోనే చేశాను. గుమాస్తాగారు, షావుకారుగారి తల్లిగారు, టీ తెచ్చే కుర్రాడు, ఒక కొనుగోలుదారు, అయిదోవాడు మా రూమ్మేటు. "ఆదివారం షాపు తీస్తారో లేదో కనుక్కోండి" అన్నది ఒక్కటే ప్రశ్న. పక్కన నోరు మూసుకుని కూర్చున్నాను. అదే చాలా కష్టం సుమండీ! నాలుగు నిమిషాలు గడిచినా ఒక్కరికీ దొరకలేదు. తల్లిగారు ఫోను పక్కనపెట్టి, "ఎందుకు బాబూ ఇదంతా, ఫోను నంబరు పైన రాయకూడదూ? మాట్లాడి కనుక్కుంటారు" అన్నారు. నేను నాలుగేళ్ళ చదువులో నేర్చుకోనిది ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పారు.

నాలుగు రాత్రులు కూర్చుని సైటు తిరగరాశాను. సన్నాయి తీసేశాను. అక్షరాలు నల్లబరిచాను. ఫోను నంబరూ, షాపు వేళలూ పైన పెట్టాను. ప్రతి చీరకూ మాట రాశాను. షావుకారుగారు చూసి, "ఏం మారింది బాబూ? పాతదే బాగుందే!" అన్నారు. మా రూమ్మేటు మాత్రం ఎవరి సాయం లేకుండా వాళ్ళమ్మకు చీర ఎంచి, ధర విని, షాపుకు ఫోను చేసి చెప్పాడు. ఆ చీర అమ్ముడయ్యాక షావుకారుగారు ఇంకేమీ అనలేదు.

ఇది దయతో చేసే పని అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇది చట్టం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సంస్థలకే కాదు, సేవలందించే ప్రైవేటు సంస్థలకు కూడా ఈ బాధ్యత పెట్టింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చి, 2018లోనూ 2023లోనూ సవరించింది. నియమాలను సలహాలుగా వదిలేస్తే కుదరదు, తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో మరొక తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్నది. ఆ కేసు వేసినవారిలో యాసిడ్ దాడికి గురైనవారు ఉన్నారు. బ్యాంకు ఖాతాకు "కళ్ళు ఆర్పండి" అని యంత్రం అడిగితే, రెప్పలే కాలిపోయినవారు ఏం ఆర్పుతారు? ఆ ఒక్క ప్రశ్న ముందు మన సాంకేతిక ప్రగతి అంతా తలవంచుకోవాలి.

పరదేశాల్లో ఈ గొడవ పాతదే. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటు తనకు అందుబాటులో లేదని చూపులేని ఒక పౌరుడు ఫిర్యాదు చేస్తే, నిర్వాహకులకు 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం పడింది. అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ ఇలాంటి దావాలోనే 2008లో 60 లక్షల డాలర్లకు రాజీపడింది. "ఒక చిన్న ప్రోగ్రాము కొని తగిలిస్తే సైటు దానంతటదే బాగుపడుతుంది" అని అమ్ముకున్న ఒక కంపెనీ చేత, ఆ మాట మోసపూరితమని 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 10 లక్షల డాలర్లు కట్టించింది. పునాది వంకరగా ఉన్న ఇంటికి సున్నం కొడితే నిలుస్తుందా?

ఖర్చు మాట కూడా చెప్పుకుందాం. కట్టేటప్పుడే తలుపు వెడల్పుగా పెడితే పెద్ద ఖర్చు లేదు. కట్టిన తరువాత గోడ కొట్టాలంటేనే ఖర్చు. నా అనుభవంలో మొదటే చేసి ఉంటే ఒక పూట పెరిగేది. తరువాత చేసినందుకు నాలుగు రాత్రులు పట్టింది. అందం చెడుతుందంటారా? చదవగలిగిన అక్షరం కంటే అందమైన అక్షరం ఏముంటుంది?

అందుకని ఈ సంచిక ముఖంగా మూడు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది మా లెక్చరర్లకు. అయ్యా, అమ్మా! ప్రాజెక్టులు దిద్దేటప్పుడు ఒక్కసారి మౌసు ఊడదీసి, కీబోర్డుతో నడిపి చూపించమనండి. నడవకపోతే మార్కులు కోయండి. మేము తిట్టుకుంటాము, కాని నేర్చుకుంటాము. రెండోది పూర్వ విద్యార్థులకు. మీలో వ్యాపారాలు, ఆసుపత్రులు, స్కూళ్ళు నడిపేవారున్నారు. మీకు సైటు చేసిచ్చేవాణ్ణి, "బాగుందా?" అని మీరు అడగకండి. "ఎవరెవరి చేత వాడించి చూశావు?" అని అడగండి. మూడోది మన యూనియన్‌కు. ఎన్నికల్లో ఎన్నో వాగ్దానాలు చేశారు. మన కాలేజీ నోటీసులను ఫోటోలుగా కాకుండా అక్షరాలుగా పెట్టించండి. పరీక్ష ఫీజు గడువు ఎప్పుడో మా రూమ్మేటు ఇంకొకణ్ణి అడక్కుండా తెలుసుకోగలగాలి. దీనికి ధర్నాలూ, బందులూ అక్కర్లేదు. ఒక మనిషి, ఒక వారం చాలు.

మావాడు మళ్ళీ పరీక్షకు చదువుతున్నాడు. ఈసారి దరఖాస్తు రోజున నేను పక్కనే ఉన్నాను. ఆ వంకరటింకర అక్షరాల బొమ్మ ఇంకా అలాగే ఉంది. నేను చదివి చెప్పాను, అతను టైపు చేశాడు. స్క్రైబ్ గడిలో తానే టిక్కు పెట్టుకుని, నా చేత రెండుసార్లు చూపించుకున్నాడు. పోయిన ఏడాదిని తెచ్చి ఇవ్వడం నా వల్ల కాదు. కాని రేపు మనలో చాలామందిమి కంపెనీల్లోనూ, ఆఫీసుల్లోనూ కూర్చుని ఇలాంటి దరఖాస్తులు తయారుచేయబోతున్నాము. అప్పుడు ఆ గడి దాకా ఎవరు రాగలరు, ఎవరు రాలేరు అన్నది మన చేతుల్లోనే ఉంటుంది. ఆ రోజున ఈ వ్యాసం గుర్తుంటే చాలు.